పచ్చిక కింది పద్దులు
నేల చరిత్రలు: పదిహేడో భాగం

లండన్‌లో బేకర్ స్ట్రీట్ దగ్గర మెట్రోపాలిటన్ రైలెక్కి వాయవ్యంగా పోతే, ఇళ్ళు పలచబడి చెట్లు చిక్కబడే చోట మూర్ పార్కు స్టేషను వస్తుంది. హెర్ట్‌ఫర్డ్‌షైర్ జిల్లా, రిక్‌మన్స్‌వర్త్ పట్టణం పక్కన. అక్కడ ఎత్తైన స్తంభాల వసారాతో పాతకాలపు రాతిమేడ ఒకటి ఉంది. దాని చుట్టూ కనుచూపు మేర పచ్చిక, మధ్య మధ్య ముసలి ఓక్ చెట్లు. మేడ ఇప్పుడు గోల్ఫ్ క్లబ్బు. పచ్చిక మీద రెండు కోర్సులు, ఒక్కోదానికి 18 హోల్స్. ఇంగ్లీషువాళ్ళు పార్క్‌లాండ్ కోర్సు అని పిలుచుకునే రకానికి ఇంతకన్నా అచ్చమైన నమూనా వెతకనక్కర్లేదు.

చూసినవాళ్ళకి అది దేవుడు పరిచిన గడ్డిలాగే ఉంటుంది. కానీ ఆ నేలలో మనిషి చెయ్యి పడని చోటు బారెడు కూడా లేదు. ఆ చేతులకు కూలి ఇచ్చిన డబ్బు ఏ సముద్రం మీదుగా వచ్చిందో పేర్లు పెట్టి వరసగా చెప్పవచ్చు. పోయిన భాగంలో మోటుపల్లి రేవు గురించి, 1244లో గణపతిదేవుడు అక్కడ వేయించిన అభయశాసనం గురించి చెప్పుకున్నాం. ఓడల మీద సరుకు రావడం పోవడం చూశాం. ఈసారి ఓడల మీద వెళ్ళిపోయిన సొమ్ము అవతలి ఒడ్డున ఏమైందో చూద్దాం. హెర్ట్‌ఫర్డ్‌షైర్ పార్కుల పద్దుల్లో కృష్ణకూ గుండ్లకమ్మకూ మధ్య ఉన్న మన నేల పేరు కూడా కనబడుతుంది.

ముందు ఆట సంగతి. గోల్ఫ్ తోటల్లో పుట్టలేదు, స్కాట్లాండ్ తూర్పు తీరపు ఇసుక దిబ్బల మీద పుట్టింది. ఈ తేడా మా వైపు వాళ్ళకి చెప్పడం తేలిక. చీరాల దాటి వాడరేవు దారి పట్టారంటే కాళ్ళ కింద ఇసుక. ఎంత వాన కురిసినా గంటలో ఇంకిపోతుంది. సరుగుడు, జీడిమామిడి, వేరుశనగ అక్కడి పంటలు. అదే చీరాల నుంచి కారంచేడు వైపు తిరిగితే నల్లరేగడి. వానకి కాలు పెడితే చెప్పు అక్కడే ఉండిపోతుంది, ఎండకి నెర్రెలు విచ్చుకుంటుంది. స్కాట్లాండ్ గోల్ఫ్ వాడరేవు లాంటి నేల మీద పెరిగింది. వరి పండదు, గోధుమ పండదు. ఊరందరికీ ఉమ్మడి నేల. గొర్రెలూ కుందేళ్ళూ గడ్డిని పొట్టిగా మేసిపెట్టేవి. ఉప్పుగాలికి ఓర్చుకునే సన్నగడ్డి తప్ప మరొకటి మొలిచేది కాదు. చలిగాలికి గొర్రెలు ఒదిగి పడుకున్న ఇసుక గుంటలే తరవాత ఆటలో బంకర్లయ్యాయని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. 1457లో రెండో జేమ్స్ రాజు ఈ ఆటను నిషేధించాడు, కుర్రాళ్ళు విలువిద్య మానేసి దీని వెంట పడుతున్నారని. ఎడిన్‌బరో పక్కన లీత్‌లో 1744లో 13 నియమాలు రాసుకున్నారు. 1754లో సెయింట్ ఆండ్రూస్‌లో 22 మంది కలిసి సంఘం పెట్టుకున్నారు. ఆ సెయింట్ ఆండ్రూస్ నేల ఇప్పటికీ ప్రజల ఆస్తే. ఆదివారాలు పాత కోర్సు మీద ఆట ఆపేస్తారు. ఊరి జనం పిల్లల్నీ కుక్కల్నీ తీసుకుని ప్రపంచంలోకెల్లా పేరుపడ్డ ఆ గడ్డి మీద తిరుగుతారు. ఇది గుర్తుపెట్టుకోండి, గోల్కొండ దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ కావాలి.

ఇంగ్లండులో, ముఖ్యంగా లండన్ చుట్టూ, సముద్రపు ఇసుక లేదు. బంకమట్టి ఉంది. చలికాలమంతా చిత్తడి, వేసవిలో గట్టిదనం, గడ్డి మోకాళ్ళ దాకా. ఆ గడ్డి నిండా వానపాములు తెచ్చిపోసిన మట్టికుప్పలు, బంతి దొర్లదు. ఇలాంటి నేల మీద గోల్ఫ్ ఆడాలంటే కొన్ని వస్తువులు పుట్టి ఉండాలి. ఒకటి గడ్డికోసే యంత్రం. 1830లో గ్లోస్టర్‌షైర్‌లోని స్ట్రౌడ్ దగ్గర ఎడ్విన్ బడ్డింగ్ దానికి పేటెంటు తీసుకున్నాడు. బట్టల మిల్లులో ఉన్నిగుడ్డ మీది నూగు కత్తిరించే యంత్రాన్ని చూసి అతనికి ఆ ఆలోచన వచ్చిందట. తరవాత పెద్ద యంత్రాలు గుర్రాలతో లాగించారు. గడ్డి మీద గిట్టల గుర్తులు పడకుండా వాటికి తోలు జోళ్ళు తొడిగేవారు. రెండోది నేల కింద కాల్చిన మట్టిగొట్టాలు పరిచి నీరు తీసే పద్ధతి. మూడోది రైలు. నాలుగోది బంతి. ఈకలు కూరిన తోలుబంతి ఖరీదు ఎక్కువ. మలయా అడవుల చెట్టుపాలతో చేసిన గట్టాపెర్చా బంతి 1848లో వచ్చి ఆటను చవక చేసింది. ఆ శతాబ్దం చివర అమెరికావాడు హాస్కెల్ రబ్బరు దారం చుట్టిన బంతి తెచ్చి ఇంకా దూరం పోయేలా చేశాడు. దూరం పోయే బంతికి విశాలమైన నేల కావాలి. లండన్ అంచుల్లో అంత నేల ఎవరి దగ్గర ఉంది? పార్కులున్న ప్రభువుల దగ్గర.

పార్కు అంటే మనం మునిసిపాలిటీ పార్కు అనుకుంటాం. ఇంగ్లీషు ప్రభువు పార్కు వేరు. అది వందల ఎకరాల సొంత దృశ్యం. పద్దెనిమిదో శతాబ్దంలో లాన్సెలాట్ బ్రౌన్ అనే తోటపనివాడు (కేపబిలిటీ బ్రౌన్ అంటేనే అందరికీ తెలుస్తుంది) ఈ పనిలో చక్రవర్తి. నిలువుగీతల తోటలు తీసేసి, మెరకలు సరిచేసి, వాగులకు అడ్డకట్ట వేసి చెరువులు చేసి, గుంపులు గుంపులుగా చెట్లు నాటించి, ఇదంతా తనంతట తానే ఇలా ఉందనిపించేవాడు. పశువులు మేడ దగ్గరికి రాకూడదు, కంచె కనబడకూడదు. అందుకని ఒకవైపు గోడ, ఒకవైపు ఏటవాలు ఉన్న కందకం తవ్వించేవారు. మేడ కిటికీలోంచి చూస్తే గడ్డి ఒకటే పరుపు, ఆవులు దూరంగా బొమ్మల్లా. ఆవుకి మాత్రం దాటే దారి లేదు.

ఆ దృశ్యానికి అడ్డొస్తే ఊళ్ళు కూడా జరగాల్సిందే. ఆక్స్‌ఫర్డ్ దగ్గర న్యూన్‌హమ్ కోర్టెనీ అనే పల్లెను హార్కోర్ట్ ప్రభువు 1760ల్లో ఎత్తించి రోడ్డు పక్కకు పంపాడు. గోల్డ్‌స్మిత్ 1770లో అచ్చువేసిన ‘డిజర్టెడ్ విలేజ్’ కావ్యానికి ఆ ఊరే మూలమని చాలామంది నమ్మకం. డోర్సెట్‌లో మిల్టన్ ప్రభువు 1780 ప్రాంతాల్లో ఏకంగా ఒక సంత పట్టణాన్నే పడగొట్టించి, కొండ అవతల వరసగా ఒకే తీరు ఇళ్ళు కట్టించి జనాన్ని అక్కడికి తోలాడు. అందులోనూ బ్రౌన్ చెయ్యి ఉంది. ఇక ఉమ్మడి బీళ్ళకు కంచె వేసే పార్లమెంటు చట్టాలు 1760 తరవాత నూరేళ్ళలో నాలుగు వేల దాకా వచ్చాయి. ఊరి ఆవు మేసే బీడు దొర పార్కు అయింది, దొర పొలం అయింది.

ఊళ్ళు తరలిపోవడం గురించి కారంచేడు మనిషి రాస్తూ సొంత ఊరి సంగతి దాటెయ్యకూడదు. 1985 జూలై 17న మా ఊళ్ళో మాదిగపల్లె మీద దాడి చేసి ఆరుగురిని చంపారు. గొడవ మొదలైంది మంచినీళ్ళ చెరువు దగ్గర, తాగే నీళ్ళు పాడుచెయ్యొద్దని అడిగినందుకు. బతికినవాళ్ళు చీరాల వెళ్ళి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. చాలా కుటుంబాలు ఇక వెనక్కి రాలేదు, చీరాలలోనే కాలనీ కట్టుకుని ఉండిపోయాయి. హార్కోర్ట్ తన కిటికీ దృశ్యం కోసం ఊరిని జరిపాడు, ఇక్కడ కులం పేరుతో హత్యలు జరిగాయి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టను. మా ఊరి చెరువు గురించి మాట్లాడకుండా ఇంగ్లండు చెరువుల గురించి రాయడం మాత్రం నాకు చేతకాదు.

మళ్ళీ మూర్ పార్కుకు వద్దాం. ఆ ఎస్టేటులో మొదట ఉన్నది వేరే మేడ. ఎనిమిదో హెన్రీ కాలంలో కార్డినల్ ఉల్సీ చేతిలో ఉండేది. 1525లో ఫ్రాన్సుతో సంధి అక్కడే జరిగింది. హెన్రీ వదిలేసిన రాణి కేథరిన్ కొన్నాళ్ళు అక్కడే ఉంది. ఆ కథలు రాజుల చరిత్రల్లో దొరుకుతాయి. మనకు కావలసినది 1720 తరవాతి భాగం.

1720లో బెంజమిన్ స్టైల్స్ అనే వ్యాపారి మూర్ పార్కు కొన్నాడు. సౌత్ సీ కంపెనీ వాటాలు ఆకాశానికి ఎగిరి కుప్పకూలిన సంవత్సరం అది. వేలమంది మునిగిపోయారు. స్టైల్స్ కూలకముందే అమ్ముకున్నాడు. ఆ కంపెనీ చేతిలో ఉన్న అసలు హక్కు స్పెయిన్ అమెరికా వలసలకు ఆఫ్రికా బానిసల్ని అమ్మే గుత్త. ఇప్పుడు మనం చూస్తున్న రాతిమేడకు ఆ రూపం ఇచ్చింది అతనే. తరవాత 1750ల్లో అడ్మిరల్ ఆన్సన్ వచ్చాడు. 1743లో ఫిలిప్పీన్స్ దగ్గర స్పెయిన్ వెండి ఓడను పట్టుకుని ధనవంతుడైన ఆన్సనే ఇతను. బ్రౌన్‌ను పిలిపించి పాత తోట తీయించి, గుట్టలు వేయించి, గడ్డి పరిపించింది ఇతనే. మూర్ పార్కు పేరుతో ఇప్పటికీ ఆప్రికాట్ పండు రకం ఒకటి ఉంది, అది కూడా ఆన్సన్ కాలానిదే. జేన్ ఆస్టిన్ నవల ‘మేన్స్‌ఫీల్డ్ పార్క్’లో ఆ పండు ప్రస్తావన వస్తుంది. ఆన్సన్ తరవాత సైన్యానికి సరుకులు అందించి కోట్లు వెనకేసిన లారెన్స్ డండాస్. డండాస్ తరవాత, 1780ల్లో, థామస్ బేట్స్ రౌస్.

రౌస్ దగ్గర కాస్త ఆగాలి. ఇతను ఈస్టిండియా కంపెనీ డైరెక్టరు. అంటే లండన్‌లో లీడెన్‌హాల్ వీధిలో కూర్చుని మద్రాసు, కలకత్తా, బొంబాయి గవర్నర్లకు ఉత్తరువులు పంపే కొద్దిమందిలో ఒకడు. మేడ కొన్నాక దాని రెండు పక్క భాగాలూ పడగొట్టించి రాయీ రప్పా అమ్మించాడు. డైరెక్టర్ల డబ్బు కంపెనీ లాభాల్లోంచి వచ్చేది. 1766 నుంచి ఉత్తర సర్కారుల శిస్తు కూడా కంపెనీ ఖజానాలోకే పోతోంది. శ్రీకాకుళం నుంచి కృష్ణ దాకా రైతు కొలిచిన ధాన్యం లెక్క లండన్‌లో పుస్తకాల్లో పౌన్లుగా రాసుకునేవారు. అప్పటికి కృష్ణకు దక్షిణాన ఉన్న గుంటూరు సర్కారు ఒక్కటి మిగిలిపోయింది. హైదరాబాద్ నిజాం అలీ తమ్ముడు బసాలత్ జంగ్‌కు అది జీవితకాలం జాగీరు. అతను పోయాక కంపెనీకి రావాలని 1768 ఒప్పందం.

అతను పోయేదాకా ఆగలేని గవర్నరు ఒకడు మద్రాసుకు వచ్చాడు, థామస్ రంబోల్డ్. పదహారేళ్ళకే కంపెనీ గుమాస్తాగా వచ్చి, ప్లాసీలో క్లైవ్ పక్కన ఉండి, పాట్నాలో సంపాదించి ఇంగ్లండు వెళ్ళి పార్లమెంటులో కూర్చున్నాడు. మూర్ పార్కు ఉన్న హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోనే ఉడ్‌హాల్ అనే ఎస్టేటు కొని 1777లో కొత్త మేడ కట్టించడం మొదలుపెట్టాడు. మేడ అప్పులేమయ్యాయో గానీ మరుసటి ఏడాదే, 1778 ఫిబ్రవరిలో, మద్రాసు గవర్నరుగా దిగాడు. సర్కారుల్లో భూముల స్థితి, జమీందార్ల చెల్లింపులు, రైతుల పరిస్థితి ఊరూరా తిరిగి చూడమని డైరెక్టర్లు అంతకు ముందే ఒక సర్క్యూట్ కమిటీ వేశారు. రంబోల్డ్ వచ్చీ రాగానే దాన్ని రద్దు చేశాడు. కమిటీ మీ ఊరికి రాదు, జమీందార్లే మద్రాసుకు వచ్చి శిస్తు తేల్చుకోవాలన్నాడు. శ్రీకాకుళం అవతలి జమీందారు కూడా వందల మైళ్ళు ప్రయాణం చేసి, నెలల తరబడి మద్రాసులో బస చేసి, గవర్నరు దర్శనం కోసం ఎదురుచూడాలి. ఆ ఎదురుచూపుల్లో ఏ ద్వారపాలకుడికి ఎంత ముట్టిందో తరవాత పార్లమెంటులో ఆరోపణలుగా బయటికొచ్చింది. జమీందారు ఇచ్చిన ప్రతి రూపాయీ చివరికి పొలంలో రైతు దగ్గర వసూలయిందే, ఇందులో రెండో మాట లేదు.

గుంటూరు సంగతి ఇంకా ఘోరం. 1779లో రంబోల్డ్ బసాలత్ జంగ్‌తో నేరుగా ఒప్పందం చేసుకుని గుంటూరు సర్కారును కంపెనీ చేతిలోకి తీసుకున్నాడు. తీసుకుని కంపెనీ చేత పాలన చేయించాడా అంటే అదీ లేదు. ఆర్కాటు నవాబు మహమ్మదలీకి పదేళ్ళ కౌలుకిచ్చాడు. అప్పుల్లో పీకలదాకా మునిగిన నవాబు అతను. మన బాపట్ల, తెనాలి, రేపల్లె పల్లెలు ఎవరికి శిస్తు కట్టాలో కూడా తేలని రోజులు అవి. తనకు చెప్పకుండా తమ్ముడితో బేరమాడారని నిజాం అలీ మండిపడ్డాడు. మైసూరు హైదరలీతోనూ మరాఠాలతోనూ చేతులు కలిపాడు. గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్ కలకత్తా నుంచి కలగజేసుకుని గుంటూరును తిరిగి ఇప్పించేసరికి పరిస్థితి చెయ్యి దాటిపోయింది. 1780లో హైదరలీ కర్ణాటకం మీద పడ్డాడు, పొల్లిలూరు దగ్గర కంపెనీ పటాలం తుడిచిపెట్టుకుపోయింది. రంబోల్డ్ అప్పటికే ఏప్రిల్‌లో ఓడెక్కి వెళ్ళిపోయాడు. 1781లో డైరెక్టర్లు అతన్ని బర్తరఫ్ చేశారు. శిక్ష వెయ్యాలని పార్లమెంటులో పెట్టిన బిల్లు సాగీ సాగీ 1783లో ఆరిపోయింది. రంబోల్డ్‌కు ఒక్క పైసా జరిమానా పడలేదు.

అతను చనిపోయాక ఉడ్‌హాల్ కొన్నదెవరనుకున్నారు? పాల్ బెన్‌ఫీల్డ్. మద్రాసులో కంపెనీ ఇంజనీరుగా చేరి, ఆర్కాటు నవాబుకు వడ్డీలకిచ్చి, ఆ వడ్డీ కింద జిల్లాల శిస్తు రాయించుకున్న మనిషి. 1785లో పార్లమెంటులో ఎడ్మండ్ బర్క్ నవాబు అప్పుల మీద చేసిన పెద్ద ప్రసంగం నిండా ఇతనే. ఉడ్‌హాల్‌లో ఇప్పుడు బడి నడుస్తోంది. పార్కు మాత్రం అలాగే ఉంది, అవే చెట్ల గుంపులు, అదే ఏటవాలు గడ్డి. ఒకే జిల్లాలో ఒక పార్కు బడి అయింది, ఒక పార్కు గోల్ఫ్ క్లబ్బు అయింది. రెండింటి పద్దుల్లోనూ తెలుగు నేల ఉంది. గోల్ఫ్ చరిత్ర రాసే ఇంగ్లీషు పుస్తకాలు మూర్ పార్కు చెట్ల వయసు చెబుతాయి, స్తంభాల కొలతలు చెబుతాయి. రౌస్ దగ్గర ఒక్క వాక్యంతో దాటిపోతాయి. దాటిపోకూడదని నా పట్టుదల.

కథ ఇరవయ్యో శతాబ్దంలోకి వచ్చింది. 1919లో మూర్ పార్కు కొన్న లార్డ్ లీవర్‌హల్మ్ మన ఇళ్ళకు తెలిసినవాడే, పేరు తెలియకపోవచ్చు గానీ సబ్బు తెలుసు. 1888లో కలకత్తా రేవులో దిగిన సన్‌లైట్ సబ్బు పెట్టెల మీద లీవర్ బ్రదర్స్ అని ఉండేది. తరవాత లైఫ్‌బాయ్ వచ్చింది. సబ్బుకు పామాయిలు కావాలి. ఆ నూనె కోసం 1911లో బెల్జియం చేతిలో ఉన్న కాంగోలో పెద్ద అడవులు రాయించుకున్నాడు. అక్కడ జనంతో బలవంతంగా గెలలు కోయించిన చరిత్రను పరిశోధకులు వివరంగా రాశారు. ఆ సబ్బు డబ్బుతో లీవర్‌హల్మ్ మూర్ పార్కును శివారు కాలనీగా మార్చే పథకం వేశాడు. రైలు కంపెనీ కూడా అదే పనిలో ఉంది. పల్లెగాలి, రైలు సౌకర్యం, మీ ఇంటి పక్కనే గోల్ఫ్ అంటూ లండన్ గుమాస్తాలకూ వకీళ్ళకూ ప్రకటనలిచ్చి ఇళ్ళ స్థలాలు అమ్మింది. 1910లో పెట్టిన చిన్న స్టేషనే తరవాత మూర్ పార్కు పేరు పెట్టుకుంది.

కోర్సు గీయడానికి లీవర్‌హల్మ్ పిలిచింది హ్యారీ కోల్ట్‌ను. వకీలు చదువు చదివి, సన్నింగ్‌డేల్ క్లబ్బుకు కార్యదర్శిగా చేసి, చివరికి కోర్సులు గీయడమే వృత్తి చేసుకున్నాడు. ఆ పని డ్రాయింగు బల్ల మీద పెట్టి చేసిన తొలి తరంవాడు. అంతకుముందు బంకర్లంటే పెట్టెల్లా తవ్వి అడ్డంగా గోడలు లేపేవారు. కోల్ట్ వాటిని నేల వంపుల్లో కలిపాడు. ఆటగాడు కొట్టబోయే ముందు రెండు దారులు కనబడాలి, ఒకటి భయంలేని దూరపు దారి, ఒకటి తెగింపుతో పోయే దగ్గరి దారి. ఈ చేతి పని నిజంగా గొప్పది, దాన్ని కాదనడం అన్యాయం. బ్రౌన్ గుట్టలు, ఆన్సన్ చెట్లు వదిలిపెట్టి వాటి చుట్టూనే 1923లో కోర్సులు తెరిచారు. 1937లో రిక్‌మన్స్‌వర్త్ పట్టణ కౌన్సిలు మేడతో సహా నేలను కొని క్లబ్బుకు అద్దెకిచ్చింది. 1944లో హాలెండ్‌లోని ఆర్న్‌హెమ్ మీద దాడికి పథకం వేసిన బ్రిటిష్ ఎయిర్‌బోర్న్ సేన కార్యాలయం ఈ మేడలోనే ఉండేది.

ఇంతలో ఆట మన దేశానికి వచ్చేసింది. బ్రిటిష్ దీవుల అవతల పుట్టిన మొదటి గోల్ఫ్ క్లబ్బు కలకత్తాలోదే, 1829లో. బొంబాయిలో 1842, బెంగళూరులో 1876. కలకత్తా క్లబ్బు పెట్టిన మూడు నాలుగేళ్ళకే గుంటూరు జిల్లా నందన కరువులో పడింది. అయిదు లక్షల జనంలో రెండు లక్షలు పోయారని అప్పటి లెక్క. మద్రాసు రోడ్డు పక్కన శవాలు పడి ఉన్నాయని కలెక్టర్లే రాసిన రోజులవి. ఇక ఆట సంగతికొస్తే, ఇక్కడ గడ్డి కోసం తిప్పలు కూడా వేరు. ఇంగ్లండు గడ్డి మన ఎండకి ఒక్క వేసవి నిలవదు. చాలా చోట్ల హోలు చుట్టూ గడ్డి పెంచడం మానేసి, నూనె కలిపిన ఇసుకను చదును చేసి దాని మీదే ఆడేవారు. చివరికి ఇక్కడి కోర్సులకు దిక్కయింది మన గరికే. ప్రపంచమంతటా వేడిదేశాల కోర్సులు చాలావరకు దీని జాతుల మీదే నడుస్తున్నాయి. వినాయకుడి పూజకు మనం రెండు పోచలు తెంపే గరిక, మెట్టచేలో ఎంత పీకినా పోని గరిక, బాపట్ల వ్యవసాయ కళాశాల పిల్లలు కలుపుమొక్కల జాబితాలో చదివే గరిక.

హైదరాబాద్ శివారు గోల్కొండలో ఆ గరిక మీద ఆడే 18 హోల్స్ కోర్సు ఉంది. గోల్కొండ కోట ఈశాన్యంలో నయా ఖిల్లా అనే భాగం, హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ కోర్సు దాని లోపలా పక్కనా పరుచుకుని ఉంది. అక్కడికి కూడా కథ మన కృష్ణ ఒడ్డు నుంచే వెళ్ళింది. కుతుబ్‌షాహీల ఐశ్వర్యానికి గుండెకాయ కొల్లూరు వజ్రాల గని, పాత గుంటూరు జిల్లాలో కృష్ణ దక్షిణపు గట్టున. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ అక్కడ 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్ళు తవ్వేవారు, ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మోసేవారు. ఆ గనుల మీద పెత్తనంతో రాజును మించి ఎదిగినవాడు మంత్రి మీర్ జుమ్లా. అబ్దుల్లా కుతుబ్‌షాకు అతని మీద అనుమానం ముదిరి కొడుకును ఖైదు చేశాడు. మీర్ జుమ్లా మొఘలుల పక్షం చేరాడు. అదే సాకుగా 1656లో ఔరంగజేబు గోల్కొండ మీదికి వచ్చాడు. షాజహాన్ ఆజ్ఞతో ముట్టడి ఎత్తేశాడు గానీ, అంతకు ముందే శత్రువు ఈశాన్యపు గుట్ట ఎక్కి కోటను చూసేశాడు. మళ్ళీ ఎవరూ ఆ గుట్ట ఎక్కకూడదని అబ్దుల్లా దాని చుట్టూ కొత్త గోడ లేపించాడు. అదే నయా ఖిల్లా. 1687లో ఔరంగజేబు మళ్ళీ వచ్చినప్పుడు ఎనిమిది నెలలు పట్టింది. లోపలివాడు తలుపు తెరవబట్టి కోట చిక్కింది గానీ గోడ పడి కాదు.

ఆ గోడ లోపల ఆఫ్రికా నుంచి వచ్చిన బోబాబ్ చెట్టు ఉంది, హతియాన్ ఝాడ్ అంటారు. నాలుగు వందల ఏళ్ళు దాటిందని అంచనా. కాండం బోలుగా ఉంటుంది, మనుషులు లోపలికి దూరి కూర్చోవచ్చు. ముల్లా ఖయాలీ మసీదు ఉంది, ముస్తఫా ఖాన్ మసీదు ఉంది. పక్కన శాతం చెరువు ఉంది. పురావస్తు శాఖ 2014 ప్రాంతంలో తవ్వినప్పుడు మట్టిగొట్టాలు, నీటి కాలువలు, తొట్లు, ఫౌంటెన్ల జాడలు బయటపడ్డాయి. కుతుబ్‌షాహీల తోట అది. ఇంగ్లండులో బ్రౌన్ పని మొదలుపెట్టడానికి నూరేళ్ళ ముందు, దక్కను రాతిగుట్టల మధ్య, చెరువు నీళ్ళు వాలుకు మళ్ళించి మెట్లు మెట్లుగా పెంచిన తోట. కుతుబ్‌షాహీలు పోయాక ఆ నేలను రైతులు దున్నుకున్నారు. 1990ల తరవాత గోల్ఫ్ వచ్చింది. దానితో పాటు వివాదమూ వచ్చింది. రక్షిత కట్టడం గోడల మధ్య యంత్రాలు తిరగవచ్చా, తోట ఆనవాళ్ళ మీద ఆట ఏమిటి అంటూ చరిత్రకారులూ స్థానికులూ కోర్టుల దాకా వెళ్ళారు.

గోల్ఫ్ వాళ్ళ మాటలోనూ సత్యం ఉంది, వినాలి. హైదరాబాద్ శివార్లలో ఖాళీ నేల అంటే పునాదులు పడటమే. గచ్చిబౌలి, మణికొండ వైపు కోట్ల ఏళ్ళ గండశిలలు పేల్చి అపార్ట్‌మెంట్లు లేపారు. కోర్సు లేకపోతే నయా ఖిల్లా పక్క నేల ఈపాటికి ఏమయ్యేదో చెప్పక్కర్లేదు. పచ్చిక మిగిలింది. నెమళ్ళు తిరుగుతున్నాయి. తెలంగాణ గోల్కొండ మాస్టర్స్ పేరుతో దేశంలోని వృత్తి ఆటగాళ్ళు వచ్చి ఆడుతున్నారు. ఆ ఆటలో తప్పు లేదు. నేను అడిగేది వేరు. ఆ బోబాబ్ చెట్టును చూడటానికి తాండూరు నుంచో తెనాలి నుంచో వచ్చిన మనిషి క్లబ్బు కాపలావాడి దయ మీద ఆధారపడకూడదు. సెయింట్ ఆండ్రూస్ వాళ్ళు వారానికి ఒక రోజు ఆట ఆపి ఊరికి నేల ఇచ్చేస్తున్నారు. గోల్కొండలోనూ వారానికి ఒక రోజు ఇవ్వొచ్చు. తవ్వి తీసిన కాలువల దగ్గర, ఈ నీళ్ళు ఎటునుంచి ఎటు పారేవో చెప్పే బొమ్మ ఒకటి పెట్టొచ్చు. ఆ తోట గోడ కట్టడానికి కారణమైన కొల్లూరు గని పేరు ఆ బొమ్మ మీద ఉండాలి. ఆ గని ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ళ కింద ఉంది, వెళ్ళి చూడటానికి ఏమీ లేదు. కనీసం గోల్కొండలోనైనా చదువుకోవాలి.

గుంటూరు సర్కారు బసాలత్ జంగ్ చనిపోయిన ఆరేళ్ళకు, 1788లో, చివరికి కంపెనీ చేతికి వచ్చింది. ఈసారి కౌలు కాదు, పూర్తి స్వాధీనం. అప్పటికి చింతపల్లిలో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గద్దెనెక్కి అయిదేళ్ళయింది. కంపెనీ కలెక్టరుకూ నాయుడికీ మధ్య శిస్తు పద్దుల మీద మొదలైన లాగులాట వచ్చే భాగంలో.